ముందు నాకు, తరవాత నీకు

మొన్న కోవూరు నుంచి మా పాలేనికి వస్తుంటే బస్సులో నా వెనక సీట్లో ఒక బడిపిల్ల కూర్చుంది. ఒళ్లో స్టీలు టిఫిన్ డబ్బా. లోపల అన్నం అయిపోయి చెంచా ఒక్కటే మిగిలినట్టుంది, బస్సు గుంతలో పడ్డప్పుడల్లా గలక్కుమంటోంది. రెండోసారి వినేసరికి నా కుడి చెయ్యి పోయి ఎడమ జబ్బను పట్టుకుంది. నేను పట్టుకోమనలేదు. పక్కన కూర్చున్నది మా పాలెం ఆవిడే, ఖాళీ చేపల బుట్ట కాళ్ల మధ్య పెట్టుకుని ఉంది. చూస్తే ఆమె చెయ్యీ జబ్బ మీదే ఉంది.

"ఏందిమే, నీకూనా?" అంది.

"ఊఁ."

"నాకు ఆ చప్పుడు చెవుల్లో ఇనపడదు. ఈడ ఇనపడతాది" అని జబ్బ మీద వేలితో చూపించింది.

మేమిద్దరం తలుచుకున్నది మా పాలెంలో సూదులు వేసిన సూదమ్మనే. ఆమెకు బాప్తిస్మప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది, సమాధుల తోటలో సిమెంటు సిలువ మీద రాసి ఉంది. దాన్ని ఇక్కడ రాయను. ఆ పేరుతో పిలిస్తే ఆమే పలికేది కాదు.

మా పాలెం కాలవకూ సముద్రానికీ మధ్య ఉంది. ఇప్పుడు చుట్టూ రొయ్యల గుంటలు వచ్చాయి గానీ, నా చిన్నప్పుడు అన్నీ ఉప్పు మడులూ సరుగుడు తోపులే. ఊరంతా ఇసుక. ఇసుకలో ఎవరి అడుగూ వినపడదు. అందుకే సూదమ్మ వస్తుంటే మనిషి వస్తున్నట్టు ఉండేది కాదు, డబ్బా ఒక్కటే నడిచి వస్తున్నట్టు ఉండేది. చేతిలో స్టీలు డబ్బా, అందులో గాజు సిరంజీ, సూదులు, దూది, స్పిరిట్ సీసా. గలక్, గలక్. ఎప్పుడూ మధ్యాహ్నమే వచ్చేది, ఉప్పు పనివాళ్లు ఇళ్లకు చేరి పడుకున్న వేళ, చెట్ల నీడలన్నీ మొదళ్లలోకి ముడుచుకున్న వేళ. పిల్లలం ఆ చప్పుడు వినగానే ఉప్పు కుప్పల వెనక దాక్కునేవాళ్లం. ఆమె వెతికేది కాదు. కుప్పకు ఇవతల నిలబడి ఊరికే ఉండేది. కాసేపటికి మేమే బయటికి వచ్చేవాళ్లం. ఎందుకు వచ్చేవాళ్లమో ఇప్పటికీ చెప్పలేను.

పట్నంలో ఏదో ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి, సూది వేయడం చూసి నేర్చుకుని, మొగుడు పోయాక మా పాలేనికి వచ్చిందట. జ్వరమైనా నడుం నొప్పి అయినా మాకు సూది పడితేనే వైద్యం. మాత్ర ఇస్తే "ఊరికే మాత్ర ఇచ్చి పంపిచ్చినాడు" అని డాక్టర్లనే తిట్టుకునేవాళ్లు.

ఆమెకు ముఖాలు గుర్తుండవు. ఎదురుపడితే మన కళ్లలోకి చూడదు, చెయ్యి కేసి చూస్తుంది. రెండు వేళ్లు జబ్బ మీద ఆనించి, కళ్లు మూసుకుని, "ఆఁ, ఉపదేశి కూతురివి" అనేది. మా నాయన చర్చి సంఘంలో ఉపదేశి, వాక్యం బోధించేవాడు. మా అమ్మ చనిపోయిన రోజు అందరూ ముఖం చూసి ఏడుస్తుంటే, సూదమ్మ వచ్చి దుప్పటి పక్కకు తీసి జబ్బ చూసింది. "ఈమేనా" అంది. మళ్లీ దుప్పటి కప్పి పోయి గోడకు ఆనుకుని కూర్చుని ఏడ్చింది.

ఇక ఆమె సూది వేసే పద్ధతి చెప్పాలి. పిల్లవాడు గింజుకుని ఏడుస్తుంటే చాలామంది కాళ్లూ చేతులూ పట్టుకుని పొడిచేస్తారు. ఆమె అట్లా చేసేది కాదు. తల్లిని దూరంగా పొమ్మనేది. పిల్లవాడి ఎదురుగా ఇసుకలో గొంతుకూర్చుని తన ఎడమ ముంజేయి చాపేది.

"ఎందుకయ్యా ఏడుపు? చూడు. ముందు నాకు, తరవాత నీకు."

అని సూది మొన తన చేతిలోకి కొంచెం దింపేది. ఒక చుక్క రక్తం పైకి లేచేది. దాన్ని చూసి నవ్వేది. "నొప్పి లేదు. చూసినావా? ఇప్పుడు నీకు." స్పిరిట్ దూదితో సూదిని ఒక్కసారి తుడిచి, ఆకాశం వైపు ఎత్తి పట్టుకుని, కళ్లు మూసుకుని ప్రార్థించేది. ఎప్పుడూ ఒకే ప్రార్థన. "ప్రభువా, ఈ చెయ్యి నీది." పిల్లవాడు నోరు తెరుచుకుని ఆ ఎత్తిన సూదినే చూస్తుండగా పని అయిపోయేది. నిజంగానే నొప్పి తెలిసేది కాదు. ఆమె ముంజేతి మీద ఆ చుక్కలన్నీ నల్లబడి, మణికట్టు నుంచి మోచేతి దాకా చీమల బారులా ఉండేవి. మా పాలెం పిల్లలందరం ఆ చేతి మీద ఉన్నాం.

పొద్దున ఒకసారి సూదులు ఉడకబెట్టేది. అంతే. ఆ తరవాత ఇల్లిల్లూ దూదితో తుడవడమే.

కొన్నేళ్లకు కాగితం చించి తీసే ప్లాస్టిక్ సూదులు వచ్చాయి. ఆమె కొని తెచ్చింది, తేలేదని ఎవరూ అనడానికి లేదు. కానీ మా వాళ్లు ఒప్పుకోలేదు. మా పక్కింటావిడ చెయ్యి వెనక్కి లాక్కోవడం నేను చూశాను.

"ఇదేంది పెద్దమ్మా, బొమ్మ సూది? మా అత్తకు ఏసిన సూదే నాకూ ఎయ్యి."

"ఇది కొత్తదిమే, మంచిది."

"కొత్తదానికి చేతివాసి యాడుంటాది? అది ఇంకా ఎవరినీ బాగుచెయ్యలా. మా అత్త లేచి కూర్చునింది ఆ పాత సూదితోనే గదా."

చేతివాసి అంటే వైద్యుడి చేతిలో ఉండే మంచి గుణం. మా పాలెంలో మాత్రం అది సూదమ్మ చేతి నుంచి సూదిలోకి దిగి అక్కడే ఉండిపోయింది. ఎంత మందిని లేపితే సూదికి అంత వాసి. సూదమ్మ ప్లాస్టిక్ సూదిని డబ్బా అడుగున పెట్టి, పాతది తీసింది.

ఐగుప్తులో ఇశ్రాయేలీయులు గుమ్మాలకు రక్తం పూసుకున్న రాత్రి గురించి మా నాయన బోధించేటప్పుడు, ప్రాణాలు తీసే సంహారదూత ఆ రక్తం కోసం ఒక్కో ఇంటి ముందు ఆగి చూసే ఘట్టం దగ్గర గొంతు బాగా తగ్గించేవాడు. ఏ ఇల్లు దాటిపోయాడు, ఏ ఇంట్లోకి పోయాడు. ఆ దూతను నేను చిన్నప్పుడు ఊహించుకుంటే కాళ్లకు ఇసుకా, చేతిలో స్టీలు డబ్బా కనిపించేవి. పాపం చేస్తున్నానేమోనని భయపడి ప్రార్థన చేసుకునేదాన్ని. నాయనకు చెప్పలేదు.

సూదమ్మ ముసలిదైపోయింది, చేతులు వణకడం మొదలై సూది మానేసింది. మేం పెద్దవాళ్లమయ్యాం. నేను సండే స్కూలు టీచరునయ్యాను. మా అన్న లారీ నేర్చుకుని రొయ్యల లోడు చెన్నైకి తోలుతున్నాడు. పెళ్లయింది, వదినది కోవూరు.

కొన్నేళ్ల కింద గుడ్ ఫ్రైడే రోజున మా యవ్వనస్థులు చర్చిలో రక్తదానం పెట్టారు. ప్రభువు మన కోసం రక్తం చిందించిన రోజున మనం ఒక సీసా ఇవ్వలేమా అని పాస్టరు అయ్యగారు అడిగారు. అన్న అందరికంటే ముందు పోయి బల్ల మీద పడుకున్నాడు. వారం తిరక్కముందే నెల్లూరు నుంచి ఫోను వచ్చింది. మీ రక్తం ఎవరికీ ఎక్కించడానికి పనికిరాదు, ఒకసారి వచ్చి డాక్టరుగారిని కలవండి అని.

నన్ను తోడు తీసుకుపోయాడు. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. హెపటైటిస్ సి. కాలేయానికి పట్టే వైరస్. రక్తంలో నుంచి రక్తంలోకి పోతుంది. ఇరవై ఏళ్లు, ముప్పై ఏళ్లు చప్పుడు చేయకుండా లోపల కూర్చుంటుంది, మనిషి తింటాడు, పని చేస్తాడు, పిల్లల్ని కంటాడు, ఆ తరవాత ఒక రోజు కడుపు ఉబ్బుతుంది. ఇప్పుడు మంచి మందులున్నాయి, మూడు నెలలు మాత్రలు వేసుకుంటే పోతుంది.

"చిన్నప్పుడు సూదులు ఎక్కువ వేయించుకున్నారా?" అని అడిగింది.

"అందరం ఏపిచ్చుకున్నాం గదమ్మా" అన్నాడు అన్న.

"అందరూ అంటే?"

"పాలెం అంతా."

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను కింద పెట్టింది. తరవాత అంది, "మన దగ్గరే కాదమ్మా. పక్క దేశాల్లోనూ ఇంతే. ఇక్కణ్ణించి పోయి ఎక్కడెక్కడో స్థిరపడ్డవాళ్లలోనూ కనబడుతోంది. వాళ్లకు తెలియను కూడా తెలియదు. చిన్నప్పుడు ఊళ్లో వేయించుకున్న సూది వాళ్లతో పాటు విమానం ఎక్కి పోయింది."

అన్న ఈ మాటలేవీ వినలేదు. ఆమె వెనక గోడ మీద అంటించిన కాగితం చదువుతున్నాడు. రక్తం ద్వారా వచ్చే జబ్బులు ఎట్లా అంటుకుంటాయో వరసగా రాసి ఉంది. అందులో పరాయి సంబంధాల మాట కూడా ఉంది. ఆయన కళ్లు ఆ వరస దగ్గరే ఆగిపోయాయి.

ఆయన భయపడ్డదే జరిగింది. మేం పాలేనికి చేరేలోపే, ఆ ఫోను విన్నవాళ్ల నోట కబురు పాకిపోయింది. మా టీ బంకు దగ్గర ఎవరో అన్నారట, "లారీ డ్రైవరుకు రక్తం చెడిందంటే యాడ చెడిందో అడగాల్నా?" అందరూ నవ్వారట. వదిన రెండు రోజులు ఓర్చుకుని, పిల్లల్ని తీసుకుని కోవూరు పోయింది. పోతూ నాతో ఒకటే అంది. "మీ అన్న నా మీద ఒట్టేసి చెప్పినాడు, ఏం తప్పు చెయ్యలేదని. నేను నమ్మినా. కానీ నేను నీళ్లు తోడుకోను పోతే కుళాయి కాడ అందరూ పక్కకు జరగతా ఉండారు."

బల్లారాధన ఆదివారం మా చర్చిలో ద్రాక్షారసం ఒకే గిన్నెలో చేతి నుంచి చేతికి పోతుంది. అన్న తాగి పక్కవాడికి ఇచ్చాడు. పక్కవాడు గిన్నెను అటూ ఇటూ తిప్పి, అంచు చూసి, పెదవులకు ఆనించకుండా అవతలివాడికి అందించాడు. అతనూ అట్లాగే. మగవాళ్ల వరస చివరిదాకా ఆ గిన్నె అట్లాగే పోయింది. మరుసటి నెల బల్ల రోజున అన్న లోపలికి రాలేదు. బయట మెట్టు మీద, చెప్పులు విడిచే చోట కూర్చున్నాడు.

మాత్రలు వేసుకోమని నేను బతిమాలాను.

"మందు తింటే జబ్బుందని ఒప్పుకున్నట్టే గదమ్మా. జబ్బుందని ఒప్పుకుంటే తిరిగినానని ఒప్పుకున్నట్టే. నేను తినను. చచ్చిపోయినా పర్వాలా, నా బిడ్డల్ని ఆ మాట పడనియ్యను."

అట్లా కొన్ని నెలలు గడిచాయి. అన్న అన్నం తగ్గించాడు. సాయంత్రం అయ్యేసరికి కాళ్లు వాస్తున్నాయి.

సూదమ్మ అప్పటికి కాలవ గట్టు మీద ఒంటిగా ఉంటోంది. చుట్టుపక్కలవాళ్లు గంజో గింజో ఇచ్చేవాళ్లు. ఒక మధ్యాహ్నం నేను అన్నం తీసుకుపోయాను. మంచంలో కూర్చుని ఉంది. చేతులూ కాళ్లూ పుల్లల్లా ఉన్నాయి, కడుపు ఒక్కటే నిండు చూలాలికి ఉన్నట్టు ఉంది. కళ్లు పసుపు రాసినట్టు ఉన్నాయి. చెయ్యి చాపి నా జబ్బ పట్టుకుంది.

"ఉపదేశి కూతురివి. మీ అన్న బల్లకు రాలేదంట గదా. ఏం జబ్బు?"

చెప్పాను.

"ఇంకోసారి చెప్పు."

"హెపటైటిస్ సి."

"ఆ చివర సి అనే అచ్చరం ఉండాది గదా. నాకూ అదే చెప్పినారు పెద్దాసుపత్రిలో. నీ కడుపులో నీళ్లు దాంతోనే అన్నారు. నువ్వు సూదులు ఏపిచ్చుకున్నావా ముసలమ్మా అని అడిగినారు." నోరు తెరిచి నవ్వింది, చప్పుడు లేదు. "ఏపిచ్చుకోలా నాయనా, నేనే ఏసినా అని చెప్పినా."

తరవాత తన ఎడమ ముంజేతి వైపు చూసుకుంటూ చాలాసేపు ఉంది. చీమల బారు అట్లాగే ఉంది, వడలిన తోలు మీద ఇంకా దగ్గర దగ్గరగా. బయట సరుగుడు తోపు ఒకటే హోరు.

"నాది ముందా మే, వాడిది ముందా?" అంది.

"అదెట్లా తెలుస్తుంది పెద్దమ్మా?"

"నాకు తెలుసు. నాదే ముందు. ఎప్పుడూ నాదే ముందు."

ఆమె మంచం కింద నుంచి డబ్బా తీసి ఒళ్లో పెట్టుకుంది. "ఆదివారం నన్ను గుడికి తీసకపో. సాక్ష్యం చెప్పాల."

మా సంఘంలో ఆరాధన మధ్యలో సాక్ష్యాలు ఉంటాయి. ప్రభువు తమకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పవచ్చు. చివర "ప్రభువుకు స్తోత్రం" అంటారు, సంఘం "స్తోత్రం" అని బదులు పలుకుతుంది. ఆ బదులు పడితేనే సాక్ష్యం ముగిసినట్టు, అప్పుడే మనిషి కూర్చోవాలి. సూదమ్మ ఏళ్ల తరబడి ఒకే సాక్ష్యం చెప్పేది, ఈ చేత్తో ప్రభువు ఇంతమందిని లేపాడని. ఆమె లేచి నిలబడగానే అందరూ అదే అనుకుని కొంచెం కునికిపాట్లలోకి జారారు.

"వందనాలు" అంది. "మీరంతా ఉపదేశి కొడుకు తాగిన గిన్నె ముట్టుకోవడం మానేసినారంట. ఆ జబ్బు గిన్నెలో రాదు. కంచంలో రాదు. పక్కన కూర్చుంటే రాదు. నెత్తర్లో నుంచి నెత్తర్లోకి వస్తాది."

సూదమ్మ బయటి మెట్టు వైపు చెయ్యి చాపింది.

"ఆ బిడ్డ యాడా తిరగలా. వాడికి చిన్నప్పుడు జొరమొచ్చింది. సూది చూసి ఏడ్చినాడు. ముందు నాకు పొడుచుకుని, తరవాత వాడికి పొడిచినా. ఆ జబ్బు నాలో ఉండాది. వాడొక్కడికే కాదు. మీ జబ్బలు చూసుకోండి."

ఎవరూ తల వంచకుండా ఉండలేకపోయారు. చర్చి నిండా మనుషులు తమ చేతుల కేసి, ఎవరిదో పరాయి చెయ్యి తమకు అతికించినట్టు చూసుకున్నారు.

"ఈ చెయ్యి ప్రభువుది అని మీకు చెప్తా వచ్చినా. చెయ్యి ఆయనదే. సూది ఉడకపెట్టకపోవడం నాది. ఆ బిడ్డను లోపలికి పిలవండి. ప్రభువుకు స్తోత్రం."

ఎవరూ బదులు పలకలేదు. ఇది మేలు కాదు కదా, దీనికి స్తోత్రం ఎట్లా అంటారు? అయ్యగారే పెదవి కదపలేదు. ఆమె కూర్చోకుండా అట్లాగే నిలబడి ఉంది, ఆ కడుపుతో, ఆ పుల్లల్లాంటి కాళ్ల మీద. చేతిలో డబ్బా వణుకుతోంది, గలక్, గలక్.

బయట చెప్పుల దగ్గర నుంచి "స్తోత్రం" అని వినపడింది. అన్న గొంతు.

అప్పుడు కూర్చుంది.

అన్న ఆ వారమే మాత్రలు మొదలుపెట్టాడు. నేను కోవూరు పోయి వదినకు చెప్పాను. ఆమె అక్కడికక్కడే పిల్లల బట్టలు సర్దింది. కానీ పాలెం అంతా అంత తేలిగ్గా కదల్లేదు. డాక్టరమ్మ నర్సుల్ని పంపి చర్చి హాల్లో రక్త పరీక్షలు పెట్టిస్తే కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఒక పెద్దాయన గుమ్మంలో నిలబడి అన్నాడు, "మా అమ్మను బతికిచ్చిన చెయ్యి అది. ముసల్దానికి మతి పోయి ఏందో చెప్తే మనం నెత్తురు తీపిచ్చుకోవాల్నా?"

సూదమ్మను కుర్చీలో మోసుకొచ్చాం. ఆమె నర్సు ముందుకు జరిగి చెయ్యి చాపింది.

"మీకు పరీక్ష అయిపోయింది కదా అవ్వా, తెలిసిందే కదా" అంది నర్సు.

"కానియ్ బిడ్డా. ముందు నాకు." పెద్దాయన వైపు తిరిగి, ముఖం కాక ఆయన జబ్బనే చూస్తూ, "తరవాత నీకు. రా. నువ్వు ఉప్పు కుప్పెనక దాక్కోని గూడా చివరికి వస్తావు" అంది.

ఆయన వచ్చి కూర్చున్నాడు. ఆయన వెనక మిగతావాళ్లు. నర్సు ఒక్కో సూది కాగితం చించినప్పుడల్లా సూదమ్మ కళ్లు మూసుకుని ఆ చిరిగే చప్పుడు వింటోంది. "ఇంకొంచెం గట్టిగా చించు బిడ్డా, అందరూ ఇనాల" అంది ఒకసారి.

చాలామందికి ఉంది. నాకు లేదు. ఎందుకు లేదో నాకు తెలియదు. అన్నకు జ్వరమొచ్చిన అదే మధ్యాహ్నం, అదే సూది, అన్న తరవాత నేనే కూర్చున్నాను. మా నాయన గొంతు తగ్గించి చెప్పిన ఆ ఘట్టం ఇప్పుడు చదివితే నా గుమ్మం ముందు ఏదో ఒక్క క్షణం ఆగి పోయినట్టు ఉంటుంది. సంతోషించాలో ఏడవాలో తెలియక మోకరిస్తాను.

సూదమ్మకు మందులు అందే దశ దాటిపోయిందన్నారు. చివరి రోజుల్లో అన్న, వదిన, నేను కలిసి పోయాం. అన్న మాత్రలు అయిపోయాయి గానీ, జబ్బు పూర్తిగా పోయిందో లేదో చెప్పే పరీక్ష ఇంకా కొన్ని నెలల దూరంలో ఉంది. ఆమెకు స్పృహ ఉందో లేదో తెలియలేదు. అన్న మంచం పక్కన కూర్చుని చెయ్యి ఆమె చేతి కింద పెట్టాడు. రెండు వేళ్లు మెల్లగా పాకి ఆయన జబ్బ మీద ఆగాయి.

"ముందు నాకు" అంది.

మేం ఎదురుచూశాం. రెండో మాట రాలేదు. పెదవులు గట్టిగా మూసుకుంది, ఆ మాట బయటికి వస్తుందేమోనని పట్టుకున్నట్టు. మరునాడు పోయింది. ఆ రెండో మాట ఎవరితోనూ అనలేదు.

డబ్బాను ఆమె శవపెట్టెలో పెడదామంటే అయ్యగారు మొదట వద్దన్నారు, మన పద్ధతి కాదని. వదిన అడిగితే ఒప్పుకున్నారు. మోసేటప్పుడు చప్పుడు కాకుండా నేనే మూతను గుడ్డపీలికతో చుట్టూ బిగించి కట్టాను. మట్టి పోసేదాకా అది గలక్కుమనలేదు.

తరవాత మధ్యాహ్నాల్లో అది వినపడుతోందని అనడం మొదలుపెట్టారు. కాలవ గట్టున ఒకరికి, రొయ్యల గుంట కాపలావాడికి ఇంకొకసారి. ప్రభువులో నిద్రించినవాళ్లు ఆయన పిలిచేదాకా లేవరు. ఇది నేను పిల్లలకు నేర్పే మాట. ఇప్పటికీ అదే నమ్ముతాను, అదే నేర్పుతాను. గాలికి ఏ రేకో కొట్టుకుని ఉంటుంది అని చెప్పాను. చెప్పిన రోజునే నాకూ వినపడింది. ఎవరికీ చెప్పలేదు.

అన్న పరీక్ష వచ్చింది. రక్తంలో ఏమీ లేదు. ఆ ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యానికి లేచాడు. మెట్టు మీద కాదు, మగవాళ్ల వరసలో మొదటి చోటు నుంచి. ఎక్కువ మాట్లాడడం రాదు ఆయనకు. "జబ్బు వచ్చింది, పోయింది. మాట వచ్చింది, అదీ పోయింది. మా ఇంటిది నా పక్కనే ఉండాది. ప్రభువుకు స్తోత్రం."

మేం నోరు తెరవబోయాం. ఆ సందులో, కాలవ వైపు నుంచి, గలక్. ఇసుక మీదుగా, తొందర లేకుండా, గలక్, గలక్. చర్చి చుట్టూ తిరిగి వచ్చి చెప్పులు విడిచే చోట ఆగింది.

సంఘంలో ఉన్న పెద్దవాళ్లందరి చెయ్యీ ఎడమ జబ్బ మీదికి పోయింది. అయ్యగారిది కూడా. అయ్యగారు మా పాలెం వారు కారు. ఆమె సూది ఎరగని పిల్లలు, ఆమె పోయాక పుట్టిన ఒళ్లో బిడ్డలతో సహా, గుమ్మం వైపు తిరిగారు. ఒక చంటిపిల్ల తల్లి కొంగు వెనక దాక్కుంది.

అన్న ఒక్కడే జబ్బ పట్టుకోలేదు. గుమ్మం వైపు తిరిగి, ఇంట్లో ముసలివాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"నాకు తగ్గిపోయింది పెద్దమ్మా. మిగతావాళ్లూ మందులు తింటా ఉండారు. ఇంక నీ సూది ఎవరికీ అక్కర్లా. పోయి నిదరపో."

గుమ్మంలో ఎండ తప్ప ఏమీ లేదు. కొంతసేపటికి ఎవరో ఒకరు మొదలుపెట్టారు, తరవాత అందరం అన్నాం, స్తోత్రం.

ఆ చప్పుడు మళ్లీ మా పాలెంలో ఎవరికీ వినపడలేదు. తిరిగి పోతున్నప్పుడు కూడా వినపడలేదు. అయితే మాది ఇసుక నేల, అడుగులు ఎవరివైనా వినపడవు.